దాత నిజాయితీయే రక్తానికి మొదటి పరీక్ష

రక్తదాన శిబిరానికి వచ్చినవారి చేతికి ముందుగా ఒక ఫారం ఇస్తారు. ఎప్పుడైనా కామెర్లు వచ్చాయా, ఈ మధ్య ఆపరేషన్ జరిగిందా, పచ్చబొట్టు పొడిపించుకున్నారా, మీరు ఎప్పుడైనా రక్తం ఎక్కించుకున్నారా అని అందులో వరుసగా ప్రశ్నలు ఉంటాయి. "మంచి పని చేద్దామని వస్తే ఇన్ని ప్రశ్నలేమిటి? ఎలాగూ రక్తాన్ని పరీక్ష చేస్తారు కదా!" అని శిబిరాలలో చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు. అడగవలసిన ప్రశ్నే. దానికి సమాధానం హార్వే ఆల్టర్ అనే అమెరికన్ వైద్య శాస్త్రవేత్త జీవితకాల పరిశోధనలో దొరుకుతుంది. 2020లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో ఆయన ఒకరు.

ప్రాణం పోసే రక్తమే రోగం తెచ్చిన రోజులు

1960లలో అమెరికాలో గుండె ఆపరేషన్లు విస్తరిస్తున్నాయి. ఒక్కొక్క రోగికి ఎందరో దాతల రక్తం అవసరమయ్యేది. ఆపరేషన్ విజయవంతమై రోగి ఇంటికి చేరిన కొన్ని వారాలకు కాలేయం వాచే జబ్బు బయటపడేది. దానినే హెపటైటిస్ అంటారు. బెథెస్డాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ చేయించుకున్నవారిని వరుసగా పరిశీలిస్తే, సుమారు ప్రతి ముగ్గురిలో ఒకరికి ఈ జబ్బు సోకినట్లు తేలింది.

వీరిలో చాలామందికి కళ్లు పచ్చబడలేదు, జ్వరం రాలేదు. రక్తంలో కాలేయ ఎంజైములను కొలిస్తేనే సంగతి తెలిసేది. పైకి కనిపించకపోయినా జబ్బు అక్కడితో ఆగదు. కొందరిలో అది ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా సాగి, కాలేయం గట్టిపడే సిరోసిస్‌గా, కాలేయ క్యాన్సర్‌గా మారుతుంది.

రెండు మార్పులు

యువ వైద్యుడిగా ఆల్టర్ అదే సంస్థ బ్లడ్ బ్యాంకులో పనిచేస్తుండగా, బరూచ్ బ్లంబర్గ్ అనే శాస్త్రవేత్తతో పరిచయం కలిగింది. మనిషికీ మనిషికీ రక్తంలోని ప్రొటీన్లు ఎలా తేడాగా ఉంటాయో బ్లంబర్గ్ పరిశోధిస్తున్నారు. అనేకసార్లు రక్తం ఎక్కించుకున్న ఒక హీమోఫీలియా రోగి సీరం, ఒక ఆస్ట్రేలియా ఆదివాసీ సీరంతో కలిసినప్పుడు వింతగా ఒక గీత ఏర్పడింది. ఆ ఆదివాసీ రక్తంలో ఉన్న కొత్త పదార్థానికి 'ఆస్ట్రేలియా యాంటిజెన్' అని పేరు పెట్టి 1965లో ప్రకటించారు. అది హెపటైటిస్-బి వైరస్ పైపొరలోని భాగమని తర్వాత తెలిసింది. దానితో రక్తంలో 'బి' వైరస్‌ను పట్టుకునే పరీక్షకు దారి ఏర్పడింది. 1976లో బ్లంబర్గ్‌కు నోబెల్ లభించింది.

1970 ప్రాంతంలో ఆ ఆసుపత్రి రెండు మార్పులు చేసింది. ఒకటి, రక్తానికి ఈ కొత్త పరీక్ష చేయడం. రెండు, డబ్బుకు రక్తం అమ్మేవారి నుంచి కొనడం మానేసి, స్వచ్ఛందంగా ఇచ్చేవారి రక్తమే వాడడం. ముప్పై శాతం పైచిలుకు ఉన్న హెపటైటిస్ పది శాతం దగ్గరకు దిగింది. తొలినాటి పరీక్ష అంత సున్నితమైనది కాదు. కాబట్టి ఈ తగ్గుదలలో పెద్ద వాటా దాతల మార్పుదేనని ఆల్టర్ బృందం గుర్తించింది.

దీనికి కారణం ఏమిటి? రక్తం అమ్ముకునేవారు చెడ్డవారని కాదు. డబ్బు అవసరమున్న మనిషి తనకు కామెర్లు వచ్చిన సంగతి చెబితే ఆ రోజు కూలి పోతుంది. అందుకని దాస్తాడు, పదే పదే వస్తాడు. ఉచితంగా ఇచ్చేవారికి దాచవలసిన అవసరం లేదు. ప్రయోగశాలలో సరైన పరీక్ష ఇంకా తయారు కాకముందే, దానం అనే పద్ధతి ఎన్నో కాలేయాలను కాపాడింది.

పేరు లేని శత్రువు

మిగిలిన పది శాతం మాటేమిటి? 1973లో హెపటైటిస్-ఎ వైరస్‌ను గుర్తించాక, దాచి ఉంచిన రోగుల రక్త నమూనాలను ఆల్టర్, ఆయన సహచరులు పరీక్షించారు. వాటిలో 'ఎ' లేదు, 'బి' లేదు. 1975లో ఆ ఫలితాన్ని ప్రచురించారు. ఉందని తెలుసు గానీ ఏమిటో తెలియని ఆ జబ్బును 'నాన్-ఎ, నాన్-బి' అని పిలిచారు. త్వరలోనే దొరుకుతుందనుకున్నది దొరకడానికి సుమారు పదిహేనేళ్లు పట్టింది.

ఆ ఏళ్లలో ఆల్టర్ చేసిన గొప్ప పని నమూనాలను భద్రపరచడం. రోగిది ఆపరేషన్‌కు ముందు రక్తం, తర్వాతి వారాల రక్తం, అతనికి ఇచ్చిన దాతల రక్తం అన్నీ ఫ్రీజర్లలో వివరాలతో సహా ఉంచారు. 1989లో మైఖేల్ హౌటన్ బృందం హెపటైటిస్-సి వైరస్‌ను కనుగొన్నట్లు ప్రకటించింది. దానికి ముందే, వారి పరీక్షను నిగ్గు తేల్చడానికి ఆల్టర్ పేర్లు లేకుండా, కేవలం గుర్తులు వేసిన నమూనాలు పంపారు. జబ్బు ఉన్నవేవో లేనివేవో ఆ పరీక్ష చెప్పగలిగింది. 1990 నుంచి దాతల రక్తానికి 'సి' పరీక్ష మొదలైంది. 1997 నాటికి ఆ ఆసుపత్రిలో రక్తం ద్వారా వచ్చే హెపటైటిస్ దాదాపు సున్నాకు చేరింది. హౌటన్, చార్లెస్ రైస్‌లతో కలిసి ఆల్టర్ నోబెల్ అందుకున్నది ఈ కృషికే.

మరి మనకు ఇంకా ప్రశ్నలెందుకు?

మన దేశంలో సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు ఫలితంగా, 1998 జనవరి 1 నుంచి రక్తం అమ్మకం నిషిద్ధమైంది. దానం చేసిన ప్రతి యూనిట్‌కూ హెచ్ఐవి, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి. అయితే ఏ పరీక్షకైనా ఒక హద్దు ఉంది. వైరస్ శరీరంలో ప్రవేశించిన రోజుకూ, పరీక్షలో కనబడే రోజుకూ మధ్య కొంత వ్యవధి ఉంటుంది. దీనిని 'విండో పీరియడ్' అంటారు. శరీరం తయారుచేసే యాంటీబాడీలను వెతికే పరీక్షలో హెపటైటిస్-సి బయటపడడానికి రెండు నెలలు దాటవచ్చు. వైరస్ జన్యు పదార్థాన్నే నేరుగా వెతికే 'న్యాట్' పరీక్ష ఈ వ్యవధిని బాగా తగ్గిస్తుంది. అది ఖరీదైనది, అన్ని బ్లడ్ బ్యాంకులలో లేదు. పైగా అది కూడా వ్యవధిని పూర్తిగా తొలగించలేదు.

ఆ ఖాళీని పూడ్చగలిగింది ఫారంలో దాత రాసే నిజమే.

దీని విలువ తలసీమియా పిల్లల తల్లిదండ్రులకు బాగా తెలుసు. ఆ బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. మూడు వారాలకొకసారి అనుకున్నా ఏడాదికి పదిహేడు సార్లు. పదేళ్లకు నూట డెబ్బై సార్లు. ప్రతిసారీ ఎవరో తెలియని దాత. అందరూ నిజం చెప్పి ఉండాలి. ఒక్కరు దాచినా ముప్పు ఆ బిడ్డకే.

మనం చేయవలసినవి

ఫారంలో ఉన్నది ఉన్నట్లు చెప్పండి. పదిమందిలో చెప్పడానికి ఇబ్బంది అయితే వైద్యుడికి ఏకాంతంగా చెప్పండి. పచ్చబొట్టు గురించి అడుగుతారు గానీ, చర్మంపై గాట్లు పెట్టి చేసే హిజామా గురించి చాలామంది చెప్పడం మరచిపోతారు. అది కూడా చెప్పవలసినదే. హెచ్ఐవి ఉందేమో తెలుసుకోవాలన్న ఉద్దేశంతో రక్తదానానికి రావద్దు. అందుకు ప్రభుత్వ కేంద్రాలలో ఉచిత పరీక్ష ఉంది. రోజా ఉన్నవారు పగలు ఇవ్వకుండా మాసం ముగిశాక రావడం మంచిది.

ఎవరినీ బలవంతంగా శిబిరానికి తీసుకురావద్దు. "మా తమ్ముడు ఇస్తాడు రాసుకోండి" అని పేరు రాయిస్తే, చెప్పుకోలేని కారణమున్న తమ్ముడు మొహమాటానికి సూది పొడిపించుకుంటాడు. అలాంటివారు వెనక్కి వెళితే కారణం అడగవద్దు, నవ్వవద్దు.

ఆర్థికంగా తోడ్పడే దాతలకు ఒక విన్నపం. రక్తం ఇచ్చినవారికి విలువైన బహుమతులు ఇద్దామని కొందరు ప్రేమతో ముందుకు వస్తుంటారు. పండ్ల రసం, బిస్కెట్లు, ధన్యవాద పత్రం చాలు. బహుమతి విలువ పెరిగేకొద్దీ నిజం దాచే ఆశ కూడా పెరుగుతుందని యాభై ఏళ్ల క్రితమే తేలింది. ఆ సొమ్మును పేద తలసీమియా పిల్లలకు ఇచ్చే రక్తానికి న్యాట్ పరీక్ష చేయించడానికో, వారి పెద్దలకు హెపటైటిస్-బి టీకా వేయించడానికో ఇవ్వండి. 'సి'కి ఇంతవరకు టీకా లేదు గానీ, కొన్ని వారాలు వాడితే నూటికి తొంభై అయిదు మందికి పైగా నయం చేసే మాత్రలు వచ్చాయి.

ఏ సదఖా అయినా ప్రతిఫలం ఆశించకుండా ఇవ్వాలని మన పెద్దలు నేర్పారు. రక్తం విషయంలో ఆ నియమం ఇచ్చేవారి మనసును మాత్రమే కాదు, పుచ్చుకునే బిడ్డ కాలేయాన్ని కూడా కాపాడుతుంది. ఈసారి శిబిరంలో ఫారం చేతికి వచ్చినప్పుడు కాస్త తీరిగ్గా కూర్చుని నింపండి.