పెట్టెలెన్ని పోయాయి?

2007 జనవరి మొదట్లో సోనీ కంపెనీ గొప్పగా ఒక ప్రకటన చేసింది: ఉత్తర అమెరికాకు పది లక్షల ప్లేస్టేషన్-3 ఆట పెట్టెలు పంపించామని. అదే నెలలో, అమెరికా దుకాణాల అమ్మకాలు లెక్కగట్టే ఎన్‌పీడీ సంస్థ వేరే అంకె చెప్పింది. నవంబరు, డిసెంబరు కలిపి అక్కడి జనం కొన్నవి సుమారు 6,87,000. మరి తక్కిన మూడు లక్షలు ఏమైనట్టు? కొన్ని కెనడా వాటా. మిగతావి గోదాముల్లోనో, లారీల్లోనో, దుకాణాల అరల మీదనో ఉన్నాయి. సోనీ చెప్పింది అబద్ధం కాదు, ఎన్‌పీడీ చెప్పిందీ కాదు.

బొగ్గు గనుల ఊరు గోదావరిఖని మనిషికి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. బాయిలోంచి తీసిన బొగ్గు ఒక లెక్క. సీహెచ్‌పీ (బొగ్గు నిర్వహణ ప్లాంటు) దాటి వ్యాగన్ ఎక్కిన బొగ్గు ఇంకో లెక్క. రామగుండం ఎన్‌టీపీసీ బాయిలర్లో కాలిన బొగ్గు మూడోది. 2023-24లో సింగరేణి 7 కోట్ల టన్నులు దాటిందంటే అది ఉత్పత్తి మాట. రవాణా అంకెను కంపెనీ విడిగా చెబుతుంది. ఆట పెట్టెల కంపెనీలు ఈ మర్యాద చాలాకాలం పాటించలేదు. 2007 మార్చి దాకా సోనీ లెక్క ఫ్యాక్టరీ గేటు దగ్గరే: తయారై బయటికి పంపినదల్లా అందులో చేరేది. ఆ ఏప్రిల్ నుంచి వ్యాపారులకు అమ్మినవాటినే లెక్కలో చూపడం మొదలుపెట్టింది. కొన్నవాడి ఇంటి గడప దాకా మాత్రం అప్పుడూ రాలేదు.

ఇంతకీ ఈ లెక్కల గొడవ ప్లేస్టేషన్-3 చుట్టూ తిరగడానికి మూలం దాని లోపల డిస్కులు చదివే చిన్న నీలి దీపం. ఎరుపు కాంతినిచ్చే డయోడ్లు 1960ల నుంచే ఉన్నాయి. నీలం మాత్రం ముప్పై ఏళ్ళు సతాయించింది. గాలియం నైట్రైడ్ అనే మొండి పదార్థాన్ని జపాన్‌లో అకసాకి, అమానో ఒకచోట, నిచియా అనే రసాయనాల కంపెనీలో షుజి నకమురా మరోచోట లొంగదీశారు. 1993లో నిచియా ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీని అమ్మకానికి పెట్టింది. కొన్నేళ్ళకే నకమురా అదే పదార్థంతో లేజర్ కూడా చేశాడు. నీలి ఎల్‌ఈడీకి ముగ్గురికీ 2014లో నోబెల్ వచ్చింది.

నీలం ఎందుకు కావాలి? డిస్క్ మీద సమాచారం సన్నని గుంటల వరుసగా ఉంటుంది. చదివే కాంతి చుక్క ఎంత చిన్నదైతే గుంటలు అంత దగ్గరగా పెట్టవచ్చు. చుక్క పరిమాణం తేల్చేవి రెండే: కాంతి తరంగదైర్ఘ్యం, కటకం కాంతిని కూడదీసే శక్తి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదానికి తగ్గట్టే చుక్క కొలత ఉంటుంది. డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్ర కాంతి, 0.6 కటకం. సోనీ పక్షపు బ్లూ-రే డిస్కుకి 405 నానోమీటర్లు, 0.85. భాగించి చూడండి, బ్లూ-రే చుక్క అడ్డుకొలత డీవీడీ చుక్కలో సగానికన్నా తక్కువ. అంటే అదే జాగాలో అయిదు రెట్లకు పైగా పడుతుంది. డీవీడీ పొరలో 4.7 గిగాబైట్లు పడితే బ్లూ-రే పొరలో 25. లెక్క ఇంత శుభ్రంగా కుదరడం నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

బ్లూ-రేకి పోటీగా వచ్చిన తొషిబా వాళ్ళ హెచ్‌డీ డీవీడీదీ అదే నీలి కాంతే, కటకం మాత్రం 0.65. అందుకే పొరకు 15 గిగాబైట్లు. బదులుగా పాత డీవీడీ తయారీ పద్ధతికి దగ్గరగా ఉండడంతో చవక. 2006 ఏప్రిల్‌లో తొషిబా ప్లేయర్ అమెరికాలో 499 డాలర్లకు వచ్చింది. జూన్‌లో శాంసంగ్ తెచ్చిన బ్లూ-రే ప్లేయర్ ధర 999. ఆ ధరలు చూసిన ఎవరైనా తొషిబాదే గెలుపనుకుంటారు.

సోనీ వేసిన ఎత్తు మరోటి. బ్లూ-రే డ్రైవును ఆట పెట్టెలో పెట్టేసింది. 2006 నవంబరులో వచ్చిన పీఎస్3 పెద్ద మోడల్‌కు 599 డాలర్లు. ఐసప్లై అనే సంస్థ పెట్టె విప్పి, ఒక్కో భాగానికి ధర కట్టి, తయారీకే 840 డాలర్లు అవుతున్నాయని అంచనా వేసింది. పెట్టెకు 240 డాలర్ల నష్టం! పైగా నీలి లేజర్లు చాలక యూరప్ విడుదల 2007 మార్చికి జారిపోయింది.

అక్కడినుంచి మొదలైంది అసలు తగువు. హెచ్‌డీ డీవీడీ పక్షం అనేది: "ప్లేయర్లు లెక్కపెట్టండి, మావే ఎక్కువ." బ్లూ-రే పక్షం అనేది: "పీఎస్3 కూడా ప్లేయరే." నిజానికి తేల్చాల్సిన ప్రశ్న ఒక్కటే. ఆటకోసం పెట్టె కొన్న కుర్రాడు సినిమా డిస్క్ కొంటాడా? పెట్టెల లెక్కలో దీనికి జవాబు లేదు, డిస్కుల లెక్కలో ఉంది. అమెరికాలో నీల్సన్ వీడియోస్కాన్ లెక్కల ప్రకారం 2007లో బ్లూ-రే సినిమాలు దాదాపు రెండుకు ఒకటి చొప్పున ముందున్నాయి. అందరు ఆటగాళ్ళూ సినిమాలు చూడనక్కర్లేదు, కొందరు చూసినా చాలు. 2008 జనవరి 4న వార్నర్ స్టూడియో బ్లూ-రే వైపు వెళ్తున్నట్టు చెప్పింది. ఫిబ్రవరి 19న తొషిబా చేతులెత్తేసింది.

తగువు తేల్చిన ఈ దుకాణాల లెక్కలు కూడా పూర్తి లెక్కలు కావు. ఎన్‌పీడీ లాంటి సంస్థలకు పెద్ద దుకాణాల గొలుసులు బిల్లింగ్ కౌంటర్ సమాచారం ఇస్తాయి. ఇవ్వనివాళ్ళ వాటాను ఇచ్చినవాళ్ళను బట్టి ఊహించాలి. 2001లో వాల్‌మార్ట్ తన అమ్మకాల సమాచారం బయటివాళ్ళకు ఇవ్వడం మానేసింది. అమెరికాలోకెల్లా పెద్ద దుకాణమే చీకట్లో ఉన్న ఆ రోజుల్లో తక్కిన వెలుతురు ఎంత నమ్మాలో చెప్పడం కష్టమయ్యేది.

దుకాణాన్నే అడగకుండా లెక్కగట్టే దారి ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ నెలకు ఎన్ని ట్యాంకులు చేస్తోందో తెలియక మిత్రపక్షాలు తలపట్టుకున్నాయి. పట్టుబడ్డ ట్యాంకుల భాగాల మీది వరుస సంఖ్యలు చూసి గణితజ్ఞులు లెక్క వేశారు. సూత్రం సులువు: కనబడ్డ అతి పెద్ద సంఖ్యను, చూసిన ట్యాంకుల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని ఆ పెద్ద సంఖ్యకే కలిపి, ఒకటి తీసెయ్యాలి. 1942 ఆగస్టుకు గూఢచారులు చెప్పింది 1,550. గణితం చెప్పింది 327. యుద్ధం ముగిశాక దొరికిన జర్మన్ రికార్డుల్లో 342. ఇదే పద్ధతిలో సీరియల్ నంబర్లు పోగుచేసి కమడోర్-64 కంప్యూటర్ల లెక్క తీస్తే, కోటీ డెబ్బై లక్షల నుంచి మూడు కోట్ల దాకా ప్రచారమైన అమ్మకాలు కోటీ పాతిక లక్షలకు దిగాయి.

మరి గోదావరిఖనిలో ఎన్ని? ఇక్కడికొచ్చేసరికి ఏ పద్ధతీ పనిచెయ్యదు. 2007 ఏప్రిల్‌లో పీఎస్3 మన దేశానికి 39,990 రూపాయలకు వచ్చింది. అదే ఏడు మోసర్ బేర్ కంపెనీ సినిమా వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34కు అమ్మింది. ఇంక నీలి డిస్క్ ఎవరికి కావాలి? హైదరాబాద్‌లోని ఆరోనా టెక్నాలజీస్ చేసిన 'హనుమాన్: బాయ్ వారియర్', గేమ్‌శాస్త్ర చేసిన 'దేశీ అడ్డా' 2009లో వచ్చాయి, రెండూ పాత ప్లేస్టేషన్-2లో ఆడేవి. చిర్రగోనె, కబడ్డీ ఆడించే 'దేశీ అడ్డా'ను కొత్త యంత్రానికి చేస్తే కొనేవాడు దొరకడని వాళ్ళకు తెలిసే ఉంటుంది.

పాత కరీంనగర్ జిల్లా నుంచి గల్ఫ్ పోయినవాళ్ళు తెచ్చే పెట్టె దుబాయ్ లెక్కలో పడుతుంది, ఆడేది ఇక్కడ. గంటకింత అని తీసుకునే గేమ్ షాపులో ఒక్క పెట్టెతో వాడంతా ఆడుతుంది. లెక్కలో అది ఒక్కటే. అంతకుముందు 1990లలో టీవీకి తగిలించి ఆడిన నింటెండో నకలు పెట్టెలు ఆ కంపెనీ లెక్కలో అసలే లేవు. 2011 జనగణనలో రేడియో, టీవీ, కంప్యూటర్, సైకిల్ ఉన్నాయా అని ఇంటింటా అడిగారు. ఆట పెట్టె గురించి, డిస్క్ ప్లేయర్ గురించి అడగలేదు. పోనీ నాలుగు దుకాణాల బిల్లులు చూసి ఏడాదికి గుణిద్దామంటే, ఏ నెల బిల్లులు? దసరా ముందర సింగరేణి లాభాల వాటా, దీపావళికి బోనస్ చేతికొచ్చే రోజుల్లో అమ్మకం వేరు, ఆషాఢంలో అమ్మకం వేరు. 2023లో ఒక్క లాభాల వాటా కిందే కార్మికులకు 711 కోట్లు పంచారు. ఆ పదిహేను రోజుల బిల్లులను ఇరవై నాలుగుతో గుణించినవాడు గోదావరిఖనిని సింగపూర్ చేసి చూపిస్తాడు.

సోనీ చివరికి 8 కోట్ల 70 లక్షలకు పైగా పీఎస్3లు అమ్మింది. లేజర్ అరిగి మూలన పడ్డవీ ఆ అంకెలోంచి తగ్గవు. మైక్రోసాఫ్ట్ అయితే 2015 నుంచి ఎక్స్‌బాక్స్ పెట్టెల లెక్క చెప్పడమే మానేసి, నెలలో ఎంతమంది ఆన్‌లైన్‌లోకి వచ్చారో చెప్పడం మొదలుపెట్టింది. అప్పటినుంచి ఏడేళ్ళు బయటివాళ్ళంతా ఊహలతోనే నెట్టుకొచ్చారు. 2022లో యాక్టివిజన్ అనే ఆటల కంపెనీని తాను కొనడం మీద బ్రెజిల్ అధికారులు విచారణ జరిపినప్పుడు, గడిచిన తరంలో సోనీ తమకన్నా రెట్టింపుకు పైగా అమ్మిందని మైక్రోసాఫ్టే కాగితం మీద రాసిచ్చింది. తాను వెనకబడ్డానని చూపించుకోవడమే అప్పుడు దానికి లాభం.