ఇండెక్సుల్లో పాతది, పొదుపరి, పదవి పోగొట్టుకున్నది

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ ఇన్‌స్టాల్ చేసుకోగానే ఆరు రకాల ఇండెక్సులు, అంటే రికార్డులను త్వరగా వెతికిపెట్టే ఏర్పాట్లు, చేతికొస్తాయి. అన్నిట్లో వాడుక ఎక్కువ బీ-ట్రీకే. 1970 నాటికి బోయింగ్ విమాన సంస్థ పరిశోధనశాలలో రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ దానికి ప్రాణం పోశారు. ఏ రకమో చెప్పకుండా ఇండెక్స్ అడిగితే నేటికీ వచ్చేది అదే.

పొదుపులో మొదటి స్థానం బ్రిన్‌ది. 2016 జనవరిలో 9.5 వెర్షన్‌తో వచ్చింది. ఒక్కో రికార్డును రాసుకోదు. టేబుల్‌ను 128 పేజీల చొప్పున, అంటే ఒక్కో మెగాబైటుగా విడగొట్టి, ఆ ముక్కలోని అతి చిన్న విలువ, అతి పెద్ద విలువ మాత్రమే గుర్తుంచుకుంటుంది. ఉదాహరణకు మార్చి 5 నాటి మీటరు రీడింగులు అడిగితే, ఆ తేదీ పట్టని ముక్కల జోలికే పోదు. 100 జీబీ టేబుల్‌కు ముక్కలు లక్ష పైచిలుకే కాబట్టి, ఇండెక్స్ కొద్ది మెగాబైట్లతో సరి! తేదీలు వరసగా వచ్చి చేరే టేబుల్ అయితేనే సుమా, చెల్లాచెదురుగా ఉంటే పెద్దగా ప్రయోజనం లేదు.

ఏళ్ల తరబడి అనుమానం మోసింది హాష్. దాని మార్పులు, డేటాబేస్ తిరిగి కోలుకోవడానికి రాసుకునే లాగ్‌లోకి ఎక్కేవి కావు, సర్వర్ కూలితే మళ్లీ కట్టుకోవాల్సి వచ్చేది. 2017లో 10వ వెర్షన్ ఆ లోటు తీర్చింది.

పదవి పోగొట్టుకున్నది ఆర్-ట్రీ. దాని పని జిస్ట్ అనే మరో ఇండెక్స్ చేసిపెడుతుండటంతో 2006లో 8.2 వెర్షన్ నుంచి తీసేశారు. నా దృష్టిలో అసలు విశేషం ఈ జిస్టే. కొత్త ఇండెక్స్ చేర్చడమంటే వెతికే పద్ధతి ఒక్కటి రాస్తే చాలదు. వందమంది ఒకేసారి రాస్తున్నా చెడకూడదు, మధ్యలో సర్వర్ పడిపోయినా కోలుకోవాలి. ఆ బరువంతా జిస్టే మోస్తుంది, కొత్త డేటా రకం తెచ్చినవాళ్లు కొన్ని ఫంక్షన్లు రాసిస్తే సరిపోతుంది. 1995లో హెలర్‌స్టైన్ బృందం ప్రతిపాదించిన ఈ ఆలోచనను పోస్ట్‌గ్రెస్‌లో పదును పెట్టినవాళ్లు మాస్కోకు చెందిన ఒలెగ్ బార్తునోవ్, తియొదోర్ సిగాయెవ్. బార్తునోవ్ వృత్తిరీత్యా ఖగోళ శాస్త్రవేత్త! 8.2లోనే వచ్చిన జిన్ ఇండెక్స్ కూడా ఈ ఇద్దరి చలవే.

2016లో 9.6 వెర్షన్ ఇంకో తలుపు తెరిచింది. అసలు కోడ్ ముట్టుకోకుండానే బయటివాళ్లు సొంత ఇండెక్స్ రకాన్ని ఎక్స్‌టెన్షన్‌గా జోడించవచ్చు. ఏఐ వెతుకులాటకు వాడే పీజీవెక్టర్ ఆ దారినే వచ్చింది. 2023లో దానికి హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూ ఇండెక్స్ తోడైంది. ఒక వెక్టర్‌లో, అంటే ఒక సంఖ్యల వరసలో, 2,000 సంఖ్యలు దాటితే మాత్రం ఈ ఇండెక్స్ ఒప్పుకోదు. వెక్టర్ ఒకే పేజీలో పట్టాలి మరి. సంఖ్యకు 4 బైట్ల లెక్కన 8,000 బైట్లు అవుతాయి, పేజీ మొత్తం 8,192 బైట్లే. సంఖ్యను 2 బైట్లకు కుదించే హాఫ్‌వెక్ వచ్చాక అదే పేజీలో 4,000 పడుతున్నాయి.