ఉన్ని తలకెక్కిన వైనము

ఆషాఢపు ముసురులో కోహెడ చుట్టుపట్ల చేలగట్లమీద వెనుకటి రోజులలో ఒక చిత్రమైన ఆకారము తఱచు కానవచ్చెడిది. దూరమునుండి చూచువారికి అది నల్లని రాతిగుండువలె తోచును. దగ్గఱకు పోగా దానిక్రింద రెండు కాళ్లును, ప్రక్కన ఒక కఱ్ఱయు కనబడును. మందను మేపవచ్చిన కురుమ గొంగడి ముసుగు వేసికొని వానకు వీపు పెట్టి నిలుచుండెడివాడు. పొడవైన గొంగడిని మడిచి, ఒక కొసనున్న మూలను రెండవ మూలలోనికి దోపి, అట్లేర్పడిన సంచివంటి కొనను నెత్తిన పెట్టుకొన్నచో అది టోపీ యగును. వీపుమీదికి జాఱిన భాగము అంగీ యగును. రాత్రి నేలపై పఱచినచో అదియే పడక. కుట్టు లేదు, గుండీ లేదు, దర్జీవానితో పనియే లేదు.

ఈ ముసుగును టోపీల జాతిలో చేర్చుటకు నాగరకులు సందేహింపవచ్చును. టోపీ యనగానే వారికి ఫెల్టు టోపీయే జ్ఞప్తికి వచ్చును: అంచు వంచి, నడినెత్తిన లోతుగా నొక్కి, చుట్టును పట్టీ కట్టిన దొరల టోపీ. కాని ఆ టోపీలోని గుణమును, ఈ ముసుగులోని గుణమును పుట్టినది ఒక్కచోటనే. అది జంతురోమపు స్వభావము.

ఉన్నిపోగును సూక్ష్మదర్శినిలో చూచినచో దానిపై చేప పొలుసులవంటి పొరలు కనబడును. అవి ఒకదానిపై నొకటి ఎక్కి, అన్నియు కొనవైపునకే మొగమై యుండును. అందుచేత పోగును నలిపినపుడు అది తన మొదలువైపునకు సులభముగా జరుగును గాని వెనుకకు మరల రాదు. బడిపిల్లలు ఆటగా ముండ్లగడ్డి వెన్నును చొక్కా చేతిలోనికి దూర్చి చేయి కదపగా అది తనంతట తానే భుజము వఱకు ప్రాకుట చూచినవారికి ఈ సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు. వేడినీరు, కొంచెము సబ్బు, చేతి ఒత్తిడి, ఈ మూడును కలసినపుడు వేలకొలది పోగులు ఒకదానిలోని కొకటి ప్రాకి, చిక్కుపడి, మరల విడదీయరాని దళసరి పలక యగును. అదే ఫెల్టు. అందు పడుగు లేదు, పేక లేదు, మగ్గము లేదు. ఇట్టి విద్య నేతకన్న తెలిక యైనందుననే గాబోలు, సంచారజీవులగు పశుపాలకులు దీనిని మిగుల పూర్వమే పట్టుకొనిరి. సైబీరియా దక్షిణమున ఆల్తాయి కొండలలో పజిరిక్ అనుచోట మంచు గట్టిన సమాధులనుండి సుమారు 2,400 సంవత్సరముల నాటి ఫెల్టు వస్తువులు రంగు చెడక బయల్పడినవి.

కోహెడ 1948 వఱకు నిజాము సంస్థానములోని కరీంనగరు జిల్లాకు చెందిన గ్రామము; సిద్దిపేట జిల్లాలో చేరినది 2016 అక్టోబరు 11న. సంస్థానపు రోజులలో పల్లెవానికి ఫెల్టు అనునది కనబడెనన్న, అది కచ్చేరి ఉద్యోగి నెత్తిమీదనే. అదే రూమీ టోపీ. ఎఱ్ఱని ఫెల్టుతో బోర్లించిన గిన్నెవలె నుండి, పైన నల్లని పట్టు కుచ్చు వ్రేలాడుచుండెడిది. షేర్వానీయు, ఆ టోపీయు కలసి హైదరాబాదులో పెద్దమనిషి వేషమైనది. తెలుగు విద్యావంతులలో పలువురు ఆ వేషముననే చదువులకును, కొలువులకును పోయిరి. ఏడవ నిజామైన మీర్ ఉస్మాన్ అలీఖాన్ కుబేరుడై యుండియు ఒకే పాత టోపీని ఏండ్లకేండ్లు ధరించెనని లోకమున ప్రసిద్ధి. మంచి ఫెల్టు అంతకాలము నిలుచుననుటకు ఇంతకన్న గొప్ప సాక్షిని ఏ వ్యాపారియు తేలేడు!

ఈ టోపీ చరిత్రలో ఒక వింత యున్నది. రూమ్ అనగా తురుష్కులు పాలించిన తూర్పు రోమక దేశము. అందుండి వచ్చినది కావున రూమీ. మొరాకోలోని ఫెజ్ నగరమును బట్టి పాశ్చాత్యులు దీనిని ఫెజ్ అందురు. ఉస్మానియా సుల్తాను రెండవ మహమూదు 1829లో తలపాగాలు మాని దీనినే ధరింపవలెనని ఉద్యోగులకు ఆజ్ఞాపించెను. నూఱేండ్లైనను గడువకమునుపే, 1925లో, ముస్తఫా కెమాలు అదే టోపీని పాతకాలపు గుర్తని నిషేధించి దొరల టోపీని విధించెను. ఒకనాటి నవీనత వేఱొకనాటికి నేరమైనది. పుట్టినింట వెలియైన ఆ టోపీ హైదరాబాదులో మఱి యిరువది యేండ్లకు పైగా దర్జాగా తిరిగి, 1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున కలసిన తరువాత క్రమముగా మఱుగుపడినది.

రూమీ టోపీ నెత్తిమీద నిటారుగా నిలుచుటకు కారణము ఇత్తడి అచ్చు. అచ్చు రెండు భాగములు: లోపలిదానికి తడిపిన టోపీని తొడిగి, బాగుగా కాచిన పై మూతను దానిపై బిగించి నొక్కుదురు. ఆవిరి బుస్సున లేచును. తడియు, వేడియు, ఒత్తిడియు కలసి పోగులను క్రొత్త రూపమునకు లొంగదీయును. చల్లారిన పిదప ఆ రూపమే స్థిరపడును. వానలో తడిసి వంకరపోయిన టోపీని మరల ఆ దుకాణమునకే కొనిపోయి అచ్చు వేయించుకొనుట వాడుక. దొరల టోపీకిని సూత్రమిదే, అచ్చు మాత్రము కొయ్యది. ఫెల్టును ఆవిరిపట్టి మెత్తపఱచి కొయ్య దిమ్మపై లాగి, త్రాటితో బిగించి, అంచును ఇస్త్రీ చేయుదురు. నడినెత్తిపై గుంట, ముందువైపు రెండు నొక్కులు, ఇవన్నియు ఆవిరి ఆఱకమునుపు చేతివ్రేళ్లతో దిద్దినవే. కావున ఫెల్టు టోపీని ఎప్పుడును నొక్కు పట్టుకొని ఎత్తరాదు. కాలక్రమమున అచ్చటనే చిట్లును. అంచు పట్టి ఎత్తవలెను, తలక్రిందుగా ఉంచవలెను.

ఇటలీలో బోర్సలీనో సంస్థ 1857లోను, అమెరికాలోని ఫిలడెల్ఫియాలో స్టెట్సన్ సంస్థ 1865లోను వెలసి ఫెల్టు టోపీలకు లోకఖ్యాతి తెచ్చినవి. వాటిలో మేలిరకములు ఉన్నితో గాక కుందేలు, బీవరు మొదలగు జంతువుల మెత్తని బొచ్చుతో చేసినవి. ఆ బొచ్చు తనంతట సులభముగా పెనవేసికొనదు. అందుకై పూర్వము పాదరసముతో చేసిన ద్రావకమును పూసెడివారు. దాని ఆవిరి పీల్చిన పనివారికి చేతులు వణకెడివి, పండ్లు ఊడెడివి, మతి చలించెడిది. టోపీలు చేయువాడు పిచ్చివాడను నానుడి ఇంగ్లీషులో ఊరక పుట్టలేదు. 1865లో వెలువడిన ఆలిసు కథలోని తిక్క టోపీవానిని చూచి నవ్వు విద్యార్థులకు ఈ సంగతియు చెప్పుట ఉపాధ్యాయుల ధర్మము. అమెరికాలో ఆ ద్రావకపు వాడుక 1941లోగాని ఆగలేదు. ఎవరి నెత్తినో సొగసుగా నిలుచుటకు ఎవరో వణకవలసివచ్చెను.

కురుమ గొంగడికి ఇట్టి పాపము అంటలేదు. అందు రంగు సైతము వేయరు. గొఱ్ఱె నలుపే గొంగడి నలుపు. దక్కనీ గొఱ్ఱె యని పేరొందిన ఆ జాతి తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రములలోని మెట్టపొలములకు పుట్టినది. దానికి ఎండ వెఱపు లేదు, ముండ్లపొద వెఱపు లేదు, మందతో దూరము నడచుటయు తెలియును. ఏటికి రెండు పర్యాయములు దాని ఉన్నిని కత్తెరతో తీయుదురు. ఆ ఉన్నిని ఏకి స్త్రీలు వడకుదురు. నూలును పడుగుపోసి చింతగింజల గంజి పట్టించి, మగవారు నేయుదురు. గింజలను వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, నూఱి, ఉడికించిన గంజి యది. క్రొత్త గొంగడి అట్టవలె బిఱుసుగా నుండుటకు, వాన మొదటి దెబ్బను ఆపుటకు అదియే కారణము.

దక్కనీ ఉన్ని ముతకది. ముతక పోగునకు సన్నని పోగువలె పెనవేసికొను శక్తి లేదు. అందుచేతనే ఇచ్చట ఫెల్టు గాక నేత వృద్ధి పొందినది. నేత ఆ లోపమును పూరించెను. తడియుచు, ఆఱుచు, భుజములపై రాపిడి పడుచు కొన్ని వానకాలములు గడచిన గొంగడిలో పోగులు మెల్లగా దగ్గఱపడి, నేత సందులు మూసికొనిపోవును. ఉన్ని తన బరువులో ఇంచుమించు మూడవ వంతు తడిని లోలోపల పీల్చుకొనియు పైకి తడిగా తోపనీయదు. దానికుండు సహజమైన జిడ్డు నీటిబొట్టును నిలువనీయదు. ఇన్ని గుణములు కలిసినందుననే కురుమకు గొడుగు అక్కఱలేకపోయెను.

మంచి ఫెల్టు టోపీని ఎన్నుకొనువారు దానిని వెలుతురులో పట్టి మందము అంతటను ఒకే తీరుగా నున్నదో లేదో చూతురు. అంచును వంచి విడిచినచో తన యథాస్థితికి రావలెను. బొటనవ్రేలితో రుద్దినచో ఉండలు లేవరాదు. లోపలి తోలుపట్టీపై తయారుచేసిన సంస్థ గుర్తు, కొలత ఉండును. పాత టోపీ జాతకము చదువవలసినది అచ్చటనే. కుందేటిబొచ్చు ఫెల్టు మృదువుగా నుండి వానకు రూపు చెడదు. ఉన్ని ఫెల్టు బిఱుసుగా నుండి తడిసిన కొలది ముడుచుకొనును.

గొంగడికి తోలుపట్టీ లేదు, గుర్తు లేదు. దానిని ఎన్నువారు చేతితోను, ముక్కుతోను ఎన్నుదురు. అఱచేత రాచినచో గరుకు తగులవలెను. తడిపినచో గొఱ్ఱె వాసన రావలెను. ఎండలో చూచినచో నలుపు ఏకరీతిగా నుండక, గోధుమవన్నె పోగులు అచ్చటచ్చట మెఱయవలెను. ఒకే కాటుక నలుపైనచో రంగు వేసినదని అనుమానింపవలెను. దారపు పోగు నొకదానిని కాల్చుట తుది పరీక్ష. ఉన్నియైనచో వెండ్రుకలు కాలిన కమురు వాసన వచ్చి, నలిపిన పొడియగు బూడిద మిగులును. అక్రిలిక్ నూలైనచో కరగి గట్టి పూసవలె బిగియును. ఈనాడు సంతలలో ఉన్నికంబళ్ల పేర అమ్ముడగువానిలో అక్రిలిక్ విరివిగా నున్నది కాన ఈ పరీక్ష తెలిసియుండుట మేలు.

గొంగడిలో అన్నము తినుచు వెండ్రుకలు ఏఱినట్లని తెలుగువారు సామెత చెప్పుదురు. పని సాగనిచో ఎక్కడ వేసిన గొంగడి అక్కడనే యందురు. ఆకులు తిను రోమశ పురుగునకును గొంగళిపురుగని దీని పేరే పెట్టిరి. ఇంతగా భాషలో పాతుకొన్న వస్తువును వాడుకలో మాత్రము చేజార్చుకొనుచున్నారు. ప్రజాగాయకుడు గద్దరు భుజముపై గొంగడి వేసికొని వేదిక నెక్కుటచే అది శ్రమజీవుల చిహ్నముగా దేశమంతటను తెలిసినది. ఆయన 2023 ఆగస్టు 6న కన్నుమూసెను. చిహ్నము నిలిచినది గాని మగ్గము నిలువలేదు.

దీనికి కారణము అభిరుచి మాఱుట యొక్కటే కాదు. ముతక ఉన్నికి గిరాకి పోవుటతో కత్తిరించినవారి కూలియైనను గిట్టని స్థితి వచ్చెను. మాంసమునకు ధర పెరిగెను. ఉన్ని లేని, త్వరగా ఒడ్డుపొడుగు పెరుగు నెల్లూరు జాతి పొట్టేళ్లను కాపరులు మందలలోనికి తెచ్చిరి. ఒక తరము సంకరముతో ఉన్ని పలుచనగును. మఱి రెండు తరములతో కత్తెరకు పనియే ఉండదు. 2017 జూన్ 20న ఈ సిద్దిపేట జిల్లాలోని కొండపాకలోనే రాష్ట్ర ప్రభుత్వము గొఱ్ఱెల పంపిణీ పథకమును ప్రారంభించెను. ఇరువది గొఱ్ఱెలు, ఒక పొట్టేలు, ధరలో 75 శాతము రాయితీ. కాపరుల రాబడికి అది అక్కఱకు వచ్చిన సాయమే. కాని ఇతర రాష్ట్రములనుండి లారీలలో దిగిన ఆ గొఱ్ఱెలు ఎక్కువగా మాంసపు జాతులవి. గొంగడి వాటి వీపున పుట్టదు. కడుపు నిండవలసిన కాపరిని ఉన్నికొఱకు నల్లగొఱ్ఱెను పెంచుమని బోధించుట పట్టణవాసికి సులభము, కాపరికి నష్టము. ఉన్నికి ధర కట్టు మార్గము చూపినవాడే ఆ మాట అనదగును. అది లేక గొంగడిని ప్రదర్శనశాలలో వ్రేలాడదీసి మెచ్చుకొనుట వలన ఒక్క గొఱ్ఱెయు పుట్టదు.

బడిలో ఈ విషయము బోధింపదలచిన ఉపాధ్యాయునకు పెద్ద సామగ్రి అక్కఱలేదు. కోహెడ పరిసరములలో నల్లమంద యింకను మిగిలిన కురుమ యింటినుండి పిడికెడు ఉన్ని తెచ్చుకొనవలెను. గోరువెచ్చని సబ్బునీటిలో తడిపి, ఒక విద్యార్థి రెండు అఱచేతుల నడుమ ఉండగా దొరలింపవలెను. మొదట మెల్లగా, పిమ్మట ఒత్తి. దక్కనీ ఉన్ని కాన కొంత ఆలస్యమగును. పిల్లలు వంతులవారీగా దొరలించిన మంచిది. కొంతసేపటికి అది బిగిసి, నేలపై కొట్టిన ఎగురు బంతియగును. వేఱొక విద్యార్థి చేతికి అక్రిలిక్ పీచు నిచ్చి అట్లే చేయింపవలెను. అది ఎంతసేపు రుద్దినను చేయి విప్పగానే విడివడి జాఱును.