ముక్కు కింద పొక్కు... ఇంటిల్లిపాదికీ చిక్కు!

పిల్లల చీము కురుపులకు సబ్బూ, శుభ్రతా, సరైన మందూ చాలు - అశ్రద్ధ చేస్తే మూత్రపిండాలకు ముప్పు

భీమవరానికి కొద్ది దూరంలో కాలువ గట్టున ఉన్న ఒక పల్లెటూరు. ఆ ఊళ్ళో ఓ కూలి కుటుంబం. ఇద్దరు మగపిల్లలు. చిన్నవాడికి నాలుగేళ్ళు, అంగన్‌వాడీకి వెళుతున్నాడు. పెద్దవాడికి ఏడేళ్ళు, రెండో తరగతి. బళ్ళు తెరిచిన కొత్తలో చిన్నవాడికి జలుబు చేసి, ముక్కు కింద చిన్న పొక్కు లేచింది. గోకితే చితికి రసి కారింది. తెల్లవారేసరికి దాని మీద బెల్లం పాకం ఎండినట్టు పసుపుపచ్చని పక్కు కట్టింది.

"మామిడిపళ్ళు తెగ తిన్నాడు కదే అమ్మాయ్, వేడి చేసింది. అదే పోతుంది" అంది మామ్మ. కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసింది. మూడు రోజుల్లో ఒక్క పొక్కు ఆరు పొక్కులయింది. మూతి పక్కనా, గడ్డం మీదా, చెవి దగ్గరా లేచాయి. తండ్రి మందుల షాపుకు వెళ్ళి, "పిల్లోడికి కురుపులండీ, ఏదైనా ట్యూబు ఇవ్వండి" అని అడిగి తెచ్చాడు. రాసిన రెండు రోజులు ఎర్రదనం తగ్గింది. అందరూ సంతోషించారు. నాలుగో రోజుకు మళ్ళీ రేగి మెడదాకా పాకింది. ఈలోగా పెద్దవాడి మోకాళ్ళ మీద దోమకాట్లు గోకిన చోటల్లా అవే పొక్కులు! అంగన్‌వాడీ టీచరు చూసి, "తగ్గేదాకా పంపకండమ్మా, మిగతా పిల్లలకు అంటుకుంటుంది" అని ఇంటికి పంపేసింది. తల్లి కూలి పని మానుకుని ఇంట్లో కూర్చోవలసి వచ్చింది.

ఇది ఆ ఒక్క ఇంటి కథ కాదు. వేసవి చివరా, వానాకాలంలోనూ ఉక్కపోత, దోమలు, ఈగలు ఎక్కువయ్యే మన డెల్టా పల్లెల్లో ఏ వీధికి వెళ్ళినా ఇలాంటి పిల్లలు కనిపిస్తారు. జనం దీన్ని సెగ అనీ, కురుపులనీ అంటారు. డాక్టర్లు ఇంపెటిగో అంటారు.

అమ్మవారు కాదు, వేడీ కాదు

ఈ కురుపులు మామిడిపండు వల్ల వచ్చేవి కావు. స్టెఫైలోకోకస్, స్ట్రెప్టోకోకస్ అనే రెండు రకాల సూక్ష్మక్రిముల వల్ల వస్తాయి. ఇవి చాలామంది ముక్కుల్లోనో, చర్మం మీదనో ఊరికే ఉంటాయి. చర్మం బాగున్నంతసేపూ లోపలికి పోలేవు. దోమ కుట్టి గోకినా, చిన్న దెబ్బ తగిలినా, జలుబుతో ముక్కు కింద ఒరుసుకుపోయినా అక్కడ దారి దొరుకుతుంది. రెండేళ్ళ నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలకు ఎక్కువగా వస్తుంది.

కొందరు వీటిని చూసి అమ్మవారు పోసిందని మందు మానేస్తారు, స్నానం మాన్పిస్తారు. ఆటలమ్మలో జ్వరం వస్తుంది. ఛాతీ, వీపు, ముఖం అంతటా నీటిబుడగలు విడతలు విడతలుగా లేస్తాయి. చీము కురుపులు అలా కాదు. ఒకచోట మొదలై పక్కకు పాకుతాయి, తేనెరంగు పక్కు కడతాయి, సాధారణంగా జ్వరం ఉండదు. ఏదని తేల్చుకోలేకపోతే ఏఎన్‌ఎం గారికి చూపించాలి గాని, ఇంట్లో కూర్చుని ఊహించుకోకూడదు.

పథ్యం కూడా అక్కరలేదు. గుడ్డు, వంకాయ, గోంగూర మాన్పించినంత మాత్రాన క్రిమి చావదు. పైగా పిల్లవాడు నీరసిస్తాడు. ఇంట్లో వండినదంతా పెట్టవచ్చు.

ఎలా అంటుకుంటుంది?

పుండు నుంచి కారే రసిలోనే క్రిములు ఉంటాయి. పిల్లవాడు పుండు గోకి అదే చేత్తో ఇంకోచోట గోకుతాడు. అక్కడా లేస్తుంది. తమ్ముడు తుడుచుకున్న తువ్వాలుతో అన్న తుడుచుకుంటాడు. ఒకే చాప, ఒకే దుప్పటి, ఒకే తలగడ. తల్లి కొంగుతో ఒకడి ముక్కు తుడిచి, అదే కొంగుతో రెండోవాడి మూతి తుడుస్తుంది. అంటుకున్న తర్వాత నాలుగు రోజుల నుంచి పది రోజుల్లోపు కొత్తవాడికి పొక్కు కనిపిస్తుంది. అందుకే ఒకడికి తగ్గిందనుకునేసరికి ఇంకొకడికి మొదలవుతుంది. ఇల్లంతా నెలల తరబడి ఇదే తంతు.

ఇంట్లో చేయవలసినవి

ఆ తల్లి చివరకు పిల్లలిద్దరినీ తీసుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది. "ఒక సూది వేసెయ్యండి డాక్టరుగారూ, తొందరగా పోతుంది" అని అడిగింది. "సూది అక్కరలేదమ్మా, నేను చెప్పినట్టు చెయ్యి చాలు" అన్నారట డాక్టరు. అక్కడ ఆమెకు చెప్పిన సంగతులు ప్రతి తల్లీ తెలుసుకోదగ్గవి.

ముందు తల్లి తన చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కాచి చల్లార్చిన గోరువెచ్చని నీళ్ళలో శుభ్రమైన మెత్తటి నూలుగుడ్డ ముంచి, పక్కుల మీద కొన్ని నిమిషాలు అద్ది ఉంచాలి. పక్కు నాని మెత్తబడ్డాక సబ్బునీళ్ళతో మెల్లగా తుడిస్తే ఊడి వస్తుంది. ఎండి ఉన్న పక్కును గోరుతో పీకకూడదు. రక్తం వస్తుంది, పుండు పెద్దదవుతుంది. పక్కు పోయిన చోట తడి అద్ది, అప్పుడు డాక్టరు ఇచ్చిన ఆయింట్‌మెంటు పలచగా రాయాలి. పక్కు మీద ఎంత మందు పూసినా లోపలికి దిగదు. చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు ఇదే. రాశాక మళ్ళీ చేతులు కడుక్కోవాలి. వాడిన గుడ్డను మరగబెట్టాలి.

కొద్ది పొక్కులే ఉంటే ముపిరోసిన్ గాని, ఫ్యూసిడిక్ యాసిడ్ గాని ఆయింట్‌మెంటు రోజుకు రెండు మూడుసార్లు చొప్పున అయిదు రోజులు రాయిస్తారు. ఒళ్ళంతా పాకినా, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వచ్చినా లోపలికి మందు ఇస్తారు. అది పిల్లవాడి బరువును బట్టి డాక్టరు నిర్ణయించవలసినది. మూడో రోజుకే ఎండిపోయిందని మందు ఆపకూడదు. నిరుడు మిగిలిన సిరప్పు ఇప్పుడు పోయకూడదు. పక్కింటి పిల్లవాడికి ఇచ్చిన మాత్ర మన పిల్లవాడికి వేయకూడదు.

గోళ్ళు పొట్టిగా కత్తిరించాలి. పుండు మీద పలచని శుభ్రమైన గుడ్డ వదులుగా కట్టాలి. తువ్వాలు, దుప్పటి, తలగడ ఆ పిల్లవాడికి విడిగా పెట్టాలి. వాటిని వేడినీళ్ళలో ఉతికి మంచి ఎండలో ఆరేయాలి. రోజూ సబ్బుతో స్నానం చేయించాలి. పిల్లలందరినీ ఒకే గంగాళం నీళ్ళలో ముంచి కడగకూడదు. చెంబుతో పోయాలి. తగ్గేదాకా చెరువు స్నానాలు మాన్పించాలి. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో నీటి కరువు ఉన్నమాట నిజమే. అయినా చేతులు కడగడానికి రెండు చెంబుల నీళ్ళు ఏ ఇంట్లోనైనా దొరుకుతాయి. వేపాకు వేసి కాచిన నీళ్ళు పోస్తే తప్పులేదు గాని, అదే మందు అనుకుని ఊరుకోకూడదు. సున్నం, పేడ, బూడిద, కాటుక మాత్రం పుండు మీద పెట్టనే కూడదు. వాటివల్ల ధనుర్వాతం వచ్చే ప్రమాదం ఉంది.

మందు మొదలుపెట్టి రెండు రోజులయ్యాక, పుండ్లు ఎండి రసి కారడం ఆగితే పిల్లవాణ్ణి బడికి పంపవచ్చు.

సబ్బు అంటే ఖరీదైన మందుల సబ్బే కానక్కరలేదు. పాకిస్థాన్‌లోని కరాచీ నగరపు మురికివాడల్లో ఇంటింటికీ సబ్బులిచ్చి, చేతులు కడుక్కోవడం నేర్పి పరిశోధకులు గమనించారు. ఆ ఇళ్ళలో పిల్లలకు ఈ చీము కురుపులు 34 శాతం తగ్గాయి. విరేచనాలు, న్యుమోనియా అయితే దాదాపు సగానికి తగ్గాయి. మామూలు సబ్బు, మందుల సబ్బు ఒకే విధంగా పనిచేశాయి. ఆ ఫలితాలు 2005లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడ్డాయి.

షాపు ట్యూబుతో జాగ్రత్త

ఆ తండ్రి కొన్న ట్యూబులో ఏముంది? స్టెరాయిడ్, తామర మందు, క్రిమి మందు మూడూ కలిపిన మిశ్రమం. ఇలాంటివి చీటీ లేకుండానే అమ్ముతున్నారు. స్టెరాయిడ్ ఎర్రదనాన్నీ, దురదనూ అణిచేస్తుంది. అందుకే తగ్గినట్టు కనిపిస్తుంది. కాని క్రిమితో పోరాడే చర్మపు శక్తిని కూడా అదే అణిచేస్తుంది. లోపల నిప్పు ఉండగా పైన బూడిద కప్పినట్టే. పిల్లల ముఖం మీద ఎక్కువ రోజులు రాస్తే చర్మం పలచబడుతుంది కూడా. ట్యూబు కొనేముందు చీటీ ఉందా అని మనల్ని మనమే ప్రశ్నించుకోవాలి.

ఒకప్పుడు ఈ క్రిములకు మందే లేదు. 1928లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను గుర్తించింది ఈ స్టెఫైలోకోకస్ క్రిమిని పెంచుతున్న గాజు పళ్ళెంలోనే. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో పరిశోధనలు నడిపించిన సంస్థ నుంచే 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. ఈనాడు చిన్నపిల్లల కురుపులకు వాడేవి వేరే మందులు. అంత కష్టపడి కనిపెట్టిన మందులను అరకొరగా వాడితే క్రిములు వాటికి అలవాటుపడిపోతాయి. ఇప్పటికే కొన్ని మందులకు అవి లొంగడం లేదు.

రాత్రిళ్ళు దురదా?

కురుపులు మాటిమాటికీ వస్తుంటే వెనుక ఇంకో కారణం ఉందేమో చూడాలి. వేళ్ళ సందుల్లో, మణికట్ల దగ్గర, బొడ్డు చుట్టూ దురద, రాత్రి పడుకున్నాక మరీ ఎక్కువ, ఇంట్లో మరొకరికీ అదే బాధ - ఇలా ఉంటే అది గజ్జి. గజ్జి పురుగు తొలిస్తే గోకుతారు, గోకిన చోట చీము పడుతుంది. చీముకు మాత్రమే మందు వాడితే నెల తిరిగేసరికి మళ్ళీ మొదటికే వస్తుంది. పెర్మెత్రిన్ మందును మెడ నుంచి అరికాళ్ళ దాకా రాత్రి రాసుకుని, పొద్దున్నే స్నానం చేయాలి. వారం తర్వాత మరోసారి రాయాలి. ముఖ్యమైన సంగతి - దురద ఉన్నా లేకున్నా ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. పసిపిల్లలకూ, గర్భిణీలకూ డాక్టరును అడిగి వాడాలి. మెడ వెనుక, తలలో కురుపులు వస్తుంటే పేలు ఉన్నాయేమో వెతకాలి.

మూడు వారాల తర్వాత...

మందు వాడాక చిన్నవాడికి పూర్తిగా తగ్గింది. పెద్దవాడి మోకాళ్ళ పుండ్లు కూడా ఎండిపోయాయి. అందరూ మరిచిపోయారు. మూడు వారాలు గడిచాక ఒకరోజు పొద్దున్నే పెద్దవాడు లేచేసరికి కళ్ళ చుట్టూ ఉబ్బి ఉంది. నిద్ర ఎక్కువై ఉంటుందనుకున్నారు. మర్నాడు ముఖమంతా ఉబ్బింది. మూత్రం కొంచెమే వచ్చింది, అదీ టీ డికాక్షన్ రంగులో! తల్లి ఈసారి ఆలస్యం చేయలేదు. ఆరోగ్య కేంద్రంలో రక్తపోటు చూసి వెంటనే పెద్దాసుపత్రికి పంపారు.

స్ట్రెప్టోకోకస్ క్రిమి వల్ల చర్మానికి పుండ్లు పడిన పిల్లల్లో కొద్దిమందికి ఇలా జరుగుతుంది. పుండు మానిన తర్వాత, సాధారణంగా మూడు నుంచి ఆరు వారాల మధ్య మూత్రపిండాలు వాస్తాయి. రక్తపోటు పెరుగుతుంది. అశ్రద్ధ చేస్తే ఫిట్స్ రావచ్చు, ఆయాసం రావచ్చు. సమయానికి చేర్చితే ఉప్పు తగ్గించి, నీరు కొలిచి ఇచ్చి, రక్తపోటుకు మందులిచ్చి నయం చేస్తారు. చాలామంది పిల్లలు పూర్తిగా కోలుకుంటారు. కురుపులకు మందు వాడినంత మాత్రాన ఇది రాదని హామీ లేదు. కాని మందు వాడితే ఆ క్రిమి మరో నలుగురు పిల్లలకు పాకకుండా ఆగుతుంది. అందుకే పుండు మానాక కూడా నెలన్నరపాటు పిల్లవాడి ముఖమూ, మూత్రమూ గమనిస్తూ ఉండాలి.

ఎప్పుడు ఆగకూడదు?

జ్వరం వచ్చినా, పుండు చుట్టూ ఎర్రగా వేడిగా వాచి పెరుగుతున్నా, కన్ను వాచినా, మూడు రోజులు మందు వాడినా తగ్గకపోయినా ఆసుపత్రికి వెళ్ళాలి. నెలల పసిగుడ్డుకు ఒక్క చీముపొక్కు వచ్చినా చూపించాలి. పసివాడి చర్మం కాలినట్టు ఎర్రబడి పొరలుగా ఊడుతుంటే, పిల్లవాడు మగతగా పడి ఉంటే, మూత్రం రంగు మారితే 108కి ఫోన్ చేయాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం అంగన్‌వాడీల్లో ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడుల్లో ఏడాదికి ఒకసారి పిల్లలను పరీక్షించాలి. చర్మవ్యాధులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మన ఊరి బడికి ఆ బృందం వచ్చిందా లేదా అని తల్లిదండ్రులు అడిగి తెలుసుకోవచ్చు.

పెద్దవాడు పది రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చాడు. ఇప్పుడు బడికి వెళుతున్నాడు. ఆ ఇంటి పెరట్లో కొళాయి దగ్గర తాడు కట్టి ఒక సబ్బు వేలాడదీశారు. పక్కన మేకులకు నాలుగు తువ్వాళ్ళు, ఎవరిది వారికే. "మా మనవడి తువ్వాలు ముట్టుకోకండర్రా" అని వీధి పిల్లలను గదమాయిస్తున్నది ఇప్పుడు ఆ మామ్మే!