సభ వెనుక జరుగు సభాకార్యము

శాసనసభ సమావేశములు జరుగు దినములలో రచ్చబండ వద్ద సైతము వాని ముచ్చటయే సాగుచుండును. ఎవరు ఏమనిరి, ఎవరు వెలికి నడచిరి అను వార్తలను మనము ఆసక్తితో చదువుదుము. ఆ సభ్యులే కొందరు ఒక గదిలో బల్ల చుట్టు కూర్చుండి, కాగితములు ముందుంచుకొని చేయు పనిని గూర్చి పత్రికలు అంతగా వ్రాయవు. ఈ చిన్న సభలనే సంఘములు లేక కమిటీలు అందురు. పంచాయతీ సభ్యులు వీనిని ఎరిగియుండుట అవసరమని మా అభిప్రాయము. ఏలనన, నేటి పంచాయతీలకు రాజ్యాంగమున గల స్థానము అట్టి ఒక సంఘము చేతులమీదుగా వచ్చినదే.

1989లో పంచాయతీలను గూర్చిన 64వ రాజ్యాంగ సవరణ బిల్లు లోక్‌సభలో నెగ్గియు రాజ్యసభలో వీగిపోయెను. 1991 సెప్టెంబరులో మరియొక బిల్లు వచ్చెను. ఈ పర్యాయము దానిని వెంటనే ఓటునకు పెట్టక, ఉభయ సభల సభ్యులు గల సంయుక్త సంఘమునకు అప్పగించిరి. దానికి అధ్యక్షులు రాజస్థానులోని నాగౌరు నుండి ఎన్నికైన నాథూరాం మీర్ధా. (1959 అక్టోబరు 2వ తేదీన నెహ్రూ పంచాయతీరాజ్య వ్యవస్థను ప్రారంభించినది ఆ నాగౌరులోనే, మన షాద్‌నగరునకు ఆయన వచ్చినది అదే నెల 11వ తేదీన.) సంఘము 1992 జులైలో నివేదిక నొసగెను. డిసెంబరు 22న లోక్‌సభయు, 23న రాజ్యసభయు బిల్లును ఆమోదించినవి. అది 73వ సవరణగా 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చెను. ఐదేండ్ల కాలపరిమితి, స్త్రీలకు మూడవ వంతునకు తగ్గని స్థానములు ఆ సవరణ ఇచ్చినవే.

నిండుసభలో ప్రతి పక్షమునకును తన మాట నిలుపుకొను పట్టుదల యుండును, కాలమును స్వల్పమే. సంఘములో అట్లు కాదు. అక్కడ ఒక్కొక్క నిబంధనను వాక్యము వాక్యముగ చదువుదురు. అధికారులను, నిపుణులను పిలిచి అడుగుదురు. విలేఖరులు లేనిచోట తన అభిప్రాయమును మార్చుకొనుటకు సభ్యుడు సంకోచింపడు.

డబ్బు విషయమున పనిచేయునది ప్రజాపద్దుల సంఘము. పార్లమెంటులో దీనికి 22 మంది సభ్యులు: లోక్‌సభవారు 15, రాజ్యసభవారు 7. మంత్రులు ఇందు ఉండరాదు. 1967 నుండి ప్రతిపక్షమువారే అధ్యక్షులగుట ఆచారము. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదికలను పట్టుకొని శాఖా కార్యదర్శిని ఎదుట కూర్చుండబెట్టి ప్రశ్నింతురు. ఒక ఊరికి మంచినీటి బోరు మంజూరైనదనుకొందము. సొమ్ము వ్యయమైనది, పంపు మాత్రము బిగింపలేదు. ఆడిట్‌వారు వ్రాసిన ఆ ఒక్క పంక్తి వెంబడి ఎందుకు, ఎవరు, ఎప్పుడు అని అడుగువారు వీరు. తమ పంచాయతీ లెక్కలపై ఆడిట్ అభ్యంతరములకు సమాధానము వ్రాసినవారికి ఈ పద్ధతి క్రొత్త కాదు.

1993లో శాఖలవారీగా 17 స్థాయీ సంఘము లేర్పడినవి. 2004 నుండి అవి 24. ఒక్కొక్కదానిలో 31 మంది. బడ్జెటు పద్దులన్నిటిని సభలో చర్చించుటకు వ్యవధి చాలదు గనుక, గ్రామీణాభివృద్ధి మొదలగు శాఖల పద్దులను ముందుగా ఇవియే పరిశీలించును. మన రెండు రాష్ట్రముల శాసనసభలకును ప్రజాపద్దులు, అంచనాలు, ప్రభుత్వరంగ సంస్థలు, అర్జీలు మున్నగు సంఘములు కలవు.

ఈ సంఘముల సిఫారసులను ప్రభుత్వము శిరసావహింపవలెనను నియమము లేదు. సమాధానము మాత్రము చెప్పవలెను. దానిపై సంఘము మరల నివేదిక వ్రాయును. మాకు విచారము కలిగించునది వేరొకటి. 16వ లోక్‌సభలో (2014-19) బిల్లులలో సుమారు నాలుగవ వంతు మాత్రమే సంఘములకు వెళ్లినవి. తరువాతి లోక్‌సభలో ఆరవ వంతునకు దిగినది. వడపోయని నీరు కుండలోనికి చేరుచున్నట్లే.

బిల్లును పరిశీలించు సంఘము ప్రజాభిప్రాయము కోరుచు పత్రికలలో ప్రకటించుట కలదు. అట్టి ప్రకటన కనబడినపుడు గడువులోగా వ్రాసి పంపుడు. అర్జీల సంఘమునకు మీ శాసనసభ్యుని ద్వారా విజ్ఞప్తి చేసికొనవచ్చును. వ్రాయునపుడు మీ ఊరికి అన్యాయము జరిగినదని మాత్రమే వ్రాసిన చాలదు. పంచాయతీ తీర్మానము సంఖ్య, తేదీ, మంజూరైన సొమ్ము, ముట్టిన సొమ్ము, పని నిలిచిపోయిన చోటు స్పష్టముగా వ్రాసి, తీర్మానపు నకలు జతపరచుడు.