కీటకాహారపు మొక్కలు కుండీ దాటరాదు

పొరుగింటి పుల్లకూర రుచి యను సామెత వంటయింటికే గాక పెరటితోటకును చెల్లును. మన మల్లె, మందారము, నందివర్ధనము కన్నులకు పాతబడగానే దూరదేశపు మొక్కపై మనసు పోవుట సహజము. ఇటీవల కీటకములను పట్టి తిను మొక్కలపై పలువురకు వేడుక పుట్టినది. నర్సరీకి పోనక్కరలేదు, ఫోనులో కోరినచో ఆమదాలవలస వంటి చిన్న యూరికిని పార్సెలుగా వచ్చి చేరగలవు. వానిని కుండీలో పెంచుట దోషము కాదు. అవి కుండీ దాటి చెరువునకో పొలముగట్టునకో పోయినచో కలుగు కీడును మాత్రము మనము ముందుగా నెరిగి యుండవలెను.

మొక్కకు మాంసమేల? ఈ జాతులు పుట్టునవి సారము లేని తడినేలలు. అచ్చట నత్రజని మిక్కిలి కొరత. ఆ కొరతను అవి కీటకములచే తీర్చుకొనును. అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరోలినా రాష్ట్రములలో మాత్రమే సహజముగా పుట్టు వీనస్ ఫ్లైట్రాప్, తెరచిన పుస్తకమును మూసినట్లు ఆకును మూసి ఈగను బంధించును. కూజామొక్క తన కూజాలోని నీట పురుగును ముంచి జీర్ణించుకొనును. డ్రాసెరా ఆకుల నూగుపై మంచుబిందువులవలె మెరయునది మంచు కాదు, జిగురు. యుట్రిక్యులేరియా నీటిలోని చిరుతిత్తులతో సూక్ష్మజీవులను లోనికి పీల్చుకొనును. వీని చర్యలను పరిశీలించి చార్లెస్ డార్విన్ 1875లో ఒక గ్రంథమునే ప్రకటించెను.

ఇట్టివి మనకును లేకపోలేదు. మేఘాలయ కొండలలో నెపెంథిస్ ఖాసియానా యను కూజామొక్క కలదు. మన ఆంధ్రదేశపు తడినేలలలో చిన్ని డ్రాసెరాలును, నీటిపట్టులలో యుట్రిక్యులేరియాలును పెరుగుచున్నవి. ఇవి యుగయుగములుగా ఇరుగుపొరుగు మొక్కలతోను పురుగులతోను సర్దుకొని బ్రదుకుచున్నవి. వీనిని తిను ప్రాణులును, వీని వ్యాప్తిని అరికట్టు పరిస్థితులును ఇచ్చటనే యున్నవి. పరదేశమునుండి వచ్చిన మొక్కకు ఆ హద్దులు తరచుగా నుండవు.

ఐర్లాండు దేశమున జరిగినది చూడుడు. ఉత్తర అమెరికాకు చెందిన సర్రసీనియా పర్ప్యూరియా యను ఎర్రని కూజామొక్కను 1906లో అచ్చటి బురదనేలలలో నాటిరి. అది వ్యాపించి, గుబురులు గుబురులుగా నేలను కప్పి, అచ్చటి నాచును చిన్నమొక్కలను త్రోసివేయసాగెను. నాటుట యొక పూట పని. దానిని పెరికివేయు శ్రమ తరువాతి తరములవారి పాలయ్యెను.

న్యూజీలాండు కథ మరియు విచిత్రము. మన దేశపు నీళ్లలో సహజముగా పెరుగు యుట్రిక్యులేరియా గిబ్బా అచ్చటికి చేరి, సరస్సులలో దట్టముగా అల్లుకొని, అచ్చటి సొంత యుట్రిక్యులేరియాకు చోటు లేకుండ చేయుచున్నది. మన చెరువులో సాధువైనది అచ్చట చెరుపైనది. కావున దోషము మొక్క స్వభావములో లేదు. చోటు తప్పించిన మనుష్యుని చేతిలో నున్నది.

ఇంత దూరమేల? మన చెరువులలోని గుర్రపుడెక్కను చూడుడు. అది పురుగులను తినదు గాని పాఠము ఒక్కటియే. దక్షిణ అమెరికాలో పుట్టిన ఆ మొక్కను ఊదారంగు పూవుల యందముచే దేశదేశములకు కొనిపోయిరి. బెంగాలులో అది పడవలను, పంటలను అడ్డగింపగా 1936లో ప్రత్యేకముగా ఒక శాసనమునే చేయవలసి వచ్చెను. నేడు కొల్లేటిలోను ఊరి చెరువులలోను అది నీటిని కప్పి, వెలుతురును ఆపి, చేపలకు ప్రాణవాయువును తగ్గించుచున్నది. తొలుత దానిని తెచ్చినవారు కీడు తలచినవారు కారు, పూవును మెచ్చినవారే.

"ఈ మొక్కలు దోమలను తినును గదా! మురుగుగుంటలో వేసినచో ఊరికి మేలే గదా!" యని కొందరు సోదరీమణులు తలపవచ్చును. అవి పట్టు దోమలు స్వల్పము. పైగా మేలు చేయు తేనెటీగలు, సీతాకోకచిలుకలు వానికి చిక్కరాదను నియమము లేదు. దోమల కొరకే గంబూసియా చేపను 1928లో మన దేశమునకు తెచ్చిరి. అది దోమపిల్లలతోపాటు మన చిన్నచేపల గ్రుడ్లను, పిల్లలను కూడ తినుచున్నది. ఒక బాధకు మందుగా తెచ్చినది మరియొక బాధ యగుట ఇట్లే.

పరదేశపు ప్రతి మొక్కయు మన నేలలో నిలువదు. చలికాలపు విశ్రాంతి కోరు ఫ్లైట్రాపునకు మన యెండలు గిట్టవు. కాని ఉష్ణదేశముల డ్రాసెరాలకు, యుట్రిక్యులేరియాలకు మన గాలి సరిపడవచ్చును. వీని విత్తనములు ధూళివంటివి. చిన్న తీగతుంట నీటిలో పడినను మొలకెత్తగలదు. ఒక కుండీలోని మట్టిలో మరియొక జాతి కలసి వచ్చుటయు కద్దు. నాగావళి కాలువలలో ఒకచోట పడినది ఏ మడికి చేరునో ఎవరు చెప్పగలరు?

కావున ఇట్టి మొక్కలను పెంచువారు కొన్ని నియమములు పాటింతురు గాక. పూచిన కాడను విత్తు కట్టకముందే త్రుంచవలెను. కుండీనుండి కారు నీటిని, చేపల తొట్టి నీటిని కాలువలో గాని చెరువులో గాని పోయరాదు. ఎండిన నేలపై పోయుడు. అక్కర తీరిన మొక్కను పారవేయక, బాగుగా నెండబెట్టి కాల్చివేయుడు. అడవినుండి పెరికి తెచ్చినది కాక, నర్సరీలో పెంచినదానినే కొనుడు. పిల్లలు "చెరువులో వదలుదము" అన్నచో, ఎందుకు వదలరాదో చెప్పుడు. వారికి అదియే మంచి పాఠము.

పెరటి వాకిలి గృహిణి చేతిలోనిది. ఏది లోనికి రావలెనో, ఏది వెలుపలికి పోరాదో నిర్ణయించునది ఆమెయే. ఊరి చెరువు ఏ ఒక్కరి సొత్తును కాదు. మన వేడుకకు తెచ్చిన మొక్క మన కుండీలోనే యుండవలెను. చెరువుగట్టున మనము గుర్తింపక దాటిపోవు చిన్ని డ్రాసెరాకు ఈ దేశముననే చోటు కలదు. దాని చోటు దానికి మిగుల్చుట మన విధి.