కెమెరా ఎత్తు, మనిషి ఎత్తు

మన మారిషస్ దేశములో ఉగాది వచ్చినా, అమ్మోరు పండుగ వచ్చినా, పెండ్లి జరిగినా ఇప్పుడు ప్రతి చేతిలోను కెమెరా గల ఫోను ఉన్నది. ఫోటోలకు కొదువ లేదు. కాని చాప మీద కూర్చున్న అవ్వను, నిలబడిన మనుమడు పైనుండి తీసిన ఫోటో ఒకటి చూడండి. నుదురు పెద్దది, గడ్డము చిన్నది, కాళ్లు కనబడవు. ఇంటికి పెద్ద అయిన ఆమె ఫోటోలో మాత్రము ఒక మూలకు ఒదిగిన ముసలమ్మ! ఫోను మంచిదే. దానిని పట్టుకొన్న ఎత్తులో ఉన్నది చిక్కు.

కెమెరాకు దగ్గర ఉన్నది పెద్దదిగాను, దూరమున ఉన్నది చిన్నదిగాను కనబడును. పైనుండి చూపినచో తల దగ్గర, పాదములు దూరము. వెనుక నేల తప్ప మరేమియు లేదు. మనిషి నేలకు అణగినట్లు తోచును. క్రిందినుండి చూపినచో ఇది తారుమారగును. మనిషి వెనుకకు ఆకాశము వచ్చును, చెరకు మొక్క కూడ తాటిచెట్టు వలె నిలుచును. ఫోను కటకము ఎక్కువ వెడల్పును చూచునది గనుక, దగ్గరకు పోయిన కొలది ఈ తేడా హెచ్చును.

క్రింది కోణము గొప్పతనమునకు, పై కోణము దీనత్వమునకు అని కొందరు సూత్రము వలె చెప్పుదురు. మేము దీనిని పూర్తిగా ఒప్పుకొనము. 1941లో ఆర్సన్ వెల్స్ తీసిన ‘సిటిజన్ కేన్’ చిత్రములో, ఛాయాగ్రాహకుడు గ్రెగ్ టోలాండ్ కెమెరాను మిక్కిలి క్రిందికి దించుటకై నేలనే త్రవ్వించిరి. ఆ కోణములో కొండంతగా కనబడు కేన్, అప్పుడే ఎన్నికలో ఓడిపోయినవాడు! ఎత్తు కనబడును, లోపలి ఖాళీ కూడ కనబడును.

మనకు ఇంతకంటె పనికివచ్చు గురువు జపాను దర్శకుడు యసుజిరో ఓజు. వారు కూడ మనవలె చాప మీద కూర్చుండువారే. 1953 నాటి ‘టోక్యో స్టోరీ’లో ఆయన కెమెరాను క్రిందికి దించెను గాని పైకి వంచలేదు. అనగా కెమెరా కూడ వారితో కూర్చున్నది. క్రిందికి దించుట వేరు, పైకి వంచుట వేరు; ఈ భేదము తెలిసినచో సగము విద్య వచ్చినట్లే. అవ్వను తీయునప్పుడు మీరును చాప మీద కూర్చుండి, కటకమును ఆమె కన్నుల ఎత్తునకు తెండి. పిల్లలకును ఇదే మాట.

మన పూర్వికుల ఫోటోలు ఎట్లున్నవి? ఒప్పంద గడువు తీరిన కూలీలు తమ ఫోటో గల పాసును వెంట ఉంచుకొనవలెనని 1867లో ఇక్కడ చట్టము వచ్చెను. అట్టి ఫోటోలు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రముగా ఉన్నవి. గౌరవించుటకు తీసినవి కావు, పట్టుకొనుటకు తీసినవి. అయినను చాలావాటిలో కెమెరా ముఖమునకు సమముగా నిలిచెను. అందుచేతనే నేడు ఆ పాతవారు మన కన్నులలోనికి సూటిగా చూచుచున్నారు. పండుగలలో మనము తీయు అవ్వల ఫోటోలకు ఈ పాటి చూపు కూడ లేకపోయిన, ఏమనవలెను?

పై కోణము చెడ్డదని మా భావము కాదు. రామభజనములో దీపము చుట్టు తిరుగువారి వలయము నేలనుండి తీసినచో వీపులే కనబడును; మెట్లెక్కి తీసినచో వలయము వలయముగా కనబడును. ఉగాది పళ్లెమునకును అంతే.

క్రిందినుండి తీయునప్పుడు ఒక జాగ్రత్త. మన ఎండలో వెనుక ఆకాశము తెల్లబడి ముఖము నల్లబడును. ఉదయమో, సాయంత్రమో, సూర్యుడు మీ వెనుక నుండగా తీయండి. మోకాళ్లు నొచ్చువారు వంగనక్కరలేదు: ఫోనును తలక్రిందులుగా పట్టుకొనినచో పైనున్న కటకము నేలకు దగ్గరగును, చిత్రము మాత్రము నిటారుగానే వచ్చును.